పర్మినెంటు బస్తా

మా పక్కింటి వరదమ్మత్త గోడ మీదుగా చెప్పిన సంగతి ఇది. ఆమెకు పాలు పోసే సుబ్బులు చెప్పిందట. సుబ్బులుకు ఎవరు చెప్పారో అడగకూడదు. అడిగితే మర్నాడు పాలు పల్చబడతాయి.

"మీ గోదాములో ఆ కరెంటు బండి లేదూ, దానికి ఆఫీసర్లంటే సిగ్గంటగా అబ్బాయ్? ఆఫీసరు కంటబడితే చాలు, చేతులు బిగదీసుకుని నిలబడిపోద్దంట. ఆయన అటు పోంగానే మళ్లీ మామూలంట. ఆడమనిషి తోలే బండి గదా, ఆ సిగ్గు దానిక్కూడా అంటుకుందని సుబ్బులు అంటంది. నేను మాత్రం ఎవరో చేయించారనే అంటాను. నిమ్మకాయ కట్టారా దానికి?"

కట్టామన్నాను.

"అయితే ఎండిపోయుంటది. మార్చండి."

ఆ గోదాములో నేను కాటా గుమాస్తాను. లారీలు తూకం వేసే నా గది కిటికీ సరిగ్గా ఆ బండి తిరిగే ఆవరణలోకే తెరుచుకుంటుంది. కాబట్టి ఖాయంగా చెప్పగలను: వరదమ్మత్త మాటల్లోంచి సిగ్గునూ చేతబడినీ తీసేస్తే మిగిలినదంతా నిజం. ఆ రెంటినీ తీసెయ్యమని కూడా గట్టిగా అనలేను. తర్వాత జరిగిన శాఖాపరమైన విచారణలో రెండూ పరిశీలనకు వచ్చాయి.

మాది ఈదులపాడు. చుట్టుపక్కల జిన్నింగు మిల్లుల్లో గింజ తీసి, బిగించి కట్టిన పత్తి బేళ్లు మా సంస్థ గోదాములోకి వస్తాయి. ఒక్కో బేలు ఇద్దరు మనుషుల బరువు ఉంటుంది. పోయినేటి దాకా హమాలీలు కొక్కేలు గుచ్చి దొర్లించేవాళ్లు. తర్వాత బ్యాటరీతో నడిచే ఫోర్క్‌లిఫ్టు వచ్చింది. దాని ముందు భాగాన మామూలు ఇనప కమ్ముల బదులు రెండు వెడల్పాటి రేకులుంటాయి. ఒక లివరు నొక్కితే ఆ రెండూ దగ్గరికొచ్చి, చంటిపిల్లను రెండు చేతులా పట్టుకున్నట్టు బేలును పట్టుకుంటాయి. లివరు అటు తోస్తే వదిలేస్తాయి. ఎత్తడం, దించడం ఆ బండికి అసలు పని అట. పట్టుకోవడం, వదలడం మాత్రం 'ఆగ్జిలరీ' అట. అంటే పై పని. పట్టుకోకుండా ఎత్తేదేముందో, వదలకుండా దించేదేముందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

ఆ బండిని తోలే మనిషి మస్తాన్‌బీ. దూదేకులవారి పిల్ల. ఆమె తాత వీధుల వెంట తిరిగి, పరుపుల్లోకి దూది ఏకినవాడు. ఈమె జిన్నింగు మిల్లులో పనిచేసి పనిచేసి, ఎగిరే నూగంతా గుండెల్లోకి పీల్చి, నాలుగు మాటలకోసారి దగ్గేది. ఎక్కడో శిక్షణ ఇస్తున్నారని తెలిసి పోయి, బండి తోలడం నేర్చుకుని మా దగ్గర టెంపరరీగా చేరింది. చేరాక దగ్గు తగ్గింది. ఏడాది గడువు ఈ నెలాఖరుతో తీరుతుంది. సంస్థ వార్షికోత్సవానికి ఎండీ గారు వస్తున్నారు. ఆయన పని చూసి సరేనంటే పర్మినెంటు. లేదంటే మళ్లీ మిల్లు, మళ్లీ దగ్గు. ఆమెకు ప్రపంచంలో ఉన్న భయమల్లా ఆ మిల్లు గేటు.

బండి బాగానే ఉండేది. మస్తాన్‌బీ అంతకన్నా బాగా తోలేది. అలాంటి రోజుల్లో హెడ్డాఫీసు నుంచి ఉత్థాన నియమావళి దిగింది.

ఎక్కడో ఒక బ్రాంచికి ఎండీ గారు వెళ్తే గుమాస్తా ఒకడు కుర్చీలోంచి లేవలేదట. నిద్రపోతున్నాడట పాపం. నిద్ర విషయం పక్కనపెట్టి, లేవకపోవడాన్ని సంస్థ తీవ్రంగా తీసుకుంది. "సంస్థ యొక్క ప్రతి ఉద్యోగియు, తాను ఏ విధమైన ఆసనమునందు ఉన్నను, తనకన్న పై హోదా గల అధికారి దృష్టిపథమునకు వచ్చిన తక్షణమే లేచి నిలబడవలెను. సదరు అధికారి ఆ ప్రదేశమును విడిచి వెళ్లునంతవరకు తిరిగి కూర్చొనరాదు" అని ఎండీ గారి సంతకంతో సర్క్యులరు వచ్చింది. దాన్ని గోడలకు అంటించారు. ఉత్థాన పక్షోత్సవాలు జరిపారు. అందరికన్నా చప్పుడు లేకుండా లేచినవారికి జ్ఞాపిక ఇచ్చారు. లేవడానికి అడ్డం వస్తున్నాయని ఆఫీసు కుర్చీల చేతులు కోయించారు.

మా మేనేజరు గోళ్లమూడి చిదంబరరావు గారికి ఈ నియమం ప్రాణం పోసింది. అంతకుముందు గది దాటి వచ్చేవారు కాదు. ఇప్పుడు మనుషులు లేవడం చూడ్డానికని గంటకోసారి ఆవరణంతా తిరిగేవారు. ఇలా లేస్తూ కూర్చుంటూ ఉండటం కన్నా నిలబడటమే నయమని నేను కుర్చీ సంగతే మరిచిపోయాను. అందులో పిల్లి పిల్లల్ని పెట్టింది.

ఒక పొద్దున చిదంబరరావు గారు బండి దగ్గరికి వచ్చారు. మస్తాన్‌బీ అప్పుడే ఒక బేలును పట్టి, లారీ ఎత్తుకు లేపి, లోపలికి జరిపింది. మేనేజరు గారిని చూసి చటుక్కున లేచి, టాపు తగలకుండా మెడ వంచి, రెండు కాళ్లూ దగ్గర పెట్టి నిలబడింది. చెయ్యి మాత్రం లివరు మీదే ఉంది.

"ఊఁ, వదులు" అన్నారు మేనేజరు గారు.

"వదులుతున్నాను సార్. వదలట్లా."

"ఎందుకు వదలదు?"

"ఇప్పటిదాకా వదిలింది సార్."

"అంటే నేను రాగానే మానేసిందా?"

మస్తాన్‌బీ లివరును అటూ ఇటూ తోసింది. రేకులు కదల్లేదు. మేనేజరు గారు ఫోను చెయ్యడానికి ఆఫీసులోకి వెళ్లారు. ఆమె హమ్మయ్య అని కూర్చుని, మొహం తుడుచుకుని మళ్లీ లివరు తోసింది. బేలు బుద్ధిగా లారీలో కూర్చుంది.

చిదంబరరావు గారు వెనక్కి వచ్చి, ఖాళీగా ఉన్న రేకులను చూసి, "ఎట్టా వదిలింది?" అన్నారు.

"మీరు వెళ్లాక వదిలింది సార్" అంది మస్తాన్‌బీ, లేచి నిలబడి.

ఇంకో బేలు పట్టమన్నారు. పట్టలేదు. స్తంభం చాటుకు వెళ్లి తొంగిచూశారు. పట్టింది. బయటికి వచ్చారు. వదల్లేదు. హమాలీల మేస్త్రి సైదులు అక్కడే బీడీ కాలుస్తూ ఇదంతా చూసి, "అది మిమ్మల్ని గుర్తుపడతంది సార్" అన్నాడు. మేనేజరు గారు దీన్ని మెచ్చుకోలుగా తీసుకోవాలో వద్దో తేల్చుకోలేక, ఆ మధ్యాహ్నమే పైకి ఉత్తరం రాశారు. "విషయం: సంస్థ వాహనము అధికారుల సమక్షమున చూపుచున్న అవిధేయత గురించి."

ఇంజనీరు లోకనాథం గారు పెద్ద పెట్టె పట్టుకుని దిగారు. ఆయనా మస్తాన్‌బీ కన్నా పై హోదాయే, కాబట్టి ఆమె లేచి నిలబడింది. ఆయన మొదట ఆయిలు చూశారు. నిండుగా ఉంది. గొట్టాలు చూశారు. ఎక్కడా కారడం లేదు. ఫ్యూజు తీసి వెలుతురుకు పెట్టి చూశారు. బాగుంది. ఆయిలును రేకుల వైపు మళ్లించే వాల్వును విప్పి, కడిగి, అది కూడా నచ్చక కొత్తది వేశారు. ఒక్కొక్కటి అయ్యాక "ఇప్పుడు నొక్కు" అనేవారు. మస్తాన్‌బీ నిలబడి నొక్కేది. బండి ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది.

చివరికి ఆయనకు ఒళ్లు మండి, "దిగమ్మా, నేను చూస్తా" అని ఎక్కి కూర్చున్నారు. లివరు అలా తాకారో లేదో రేకులు తెరుచుకున్నాయి. మూశారు, మూసుకున్నాయి. హమాలీలు చప్పట్లు కొట్టారు. రిపేరు పూర్తయిందని లోకనాథం గారు దిగారు. మస్తాన్‌బీ ఎక్కింది, నిలబడింది, నొక్కింది. రిపేరు ఆయనతోపాటే కిందికి దిగినట్టుంది.

అప్పుడాయన పెట్టె అడుగునుంచి కంపెనీవాళ్లిచ్చిన పుస్తకం తీసి, మొదటి పేజీ తిప్పారు. చాలాసేపు ఆ పేజీలోనే ఉండిపోయారు.

"ఏమ్మా, నువ్వు కూర్చునే నడుపుతావా?"

"కూర్చునే సార్."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ సార్. మీబోటివాళ్లు వచ్చినప్పుడు తప్ప."

లోకనాథం గారు సీటు ఎత్తి అడుగున చూపించారు. అక్కడ వేలెడంత స్విచ్చు ఉంది. సీటు మీద మనిషి బరువు ఉంటేనే ఆ రేకులు కదులుతాయి. తోలేవాడు దిగిపోయినప్పుడు లివరు పొరపాటున తగిలి ఎవరి నెత్తినా బేలు పడకుండా కంపెనీవాళ్లు పెట్టిన ఏర్పాటు అది. మనిషి లేస్తే బండి చేతులు కట్టుకుంటుంది. అంతే.

"ఓస్, ఇంతేనా! కూర్చోమనండి, అయిపోద్ది" అన్నాడు సైదులు.

మేనేజరు గారు, ఇంజనీరు గారు అతని వైపు జాలిగా చూశారు.

"సైదులూ, కూర్చోమనడానికి నేనెవణ్ణోయ్? సర్క్యులరు మీద ఎండీ గారి సంతకం ఉంది" అన్నారు చిదంబరరావు గారు.

"సాంకేతికముగా లోపం దొరికినది. పరిపాలనాపరముగా ఇంకా దొరకవలసి ఉన్నది" అని లోకనాథం గారు రిపోర్టు రాసుకుని, కొత్త వాల్వు మాత్రం బండిలోనే ఉంచి వెళ్లిపోయారు.

తర్వాత రీజినల్ మేనేజరు పరాంకుశం గారు స్వయంగా విచ్చేశారు. భారీ మనిషి. విషయం విన్నారు. "నాకన్న పై హోదా వారు ఈ ఆవరణలో లేరు గనుక, నేను ఆసీనుడనైన పక్షంలో లేవవలసిన అగత్యమే ఉత్పన్నం కాదు" అన్నారు. అందరం ఒప్పుకున్నాం. ఇద్దరు హమాలీలు చెయ్యి ఇవ్వగా ఎక్కి కూర్చున్నారు. మస్తాన్‌బీ కింద నిలబడి ఏ లివరో చెప్పింది. బేలు పట్టారు. లేపారు. మొహం వెలిగిపోయింది. లారీ వైపు జరిపి, వదలబోతుండగా జేబులో ఫోను మోగింది.

"ఎండీ గారు!" అని పరాంకుశం గారు అంత ఒంటినీ ఒక్క ఊపున లేపి నిలబడ్డారు. రేకులు బిగుసుకుపోయాయి.

"నమస్తే సార్... ఫీల్డులోనే ఉన్నాను సార్... నిలబడే మాట్లాడుతున్నాను సార్."

ఎండీ గారు ఆ రోజు తీరిగ్గా ఉన్నట్టున్నారు. బేలు గాల్లో ఉంది, పరాంకుశం గారు బండి మీద వంగి నిలబడి ఉన్నారు, ఆయన నిలబడ్డారు గనుక మేమందరం నిలబడ్డాం. లారీలు రోడ్డు దాకా బారులు తీరి హారన్లు కొట్టాయి. ఫోనులో ఎండీ గారికి ఆ హారన్లు వినపడి, "పని జోరుగా సాగుతున్నట్టుందే" అని అభినందించారట.

కిందికి దిగాక పరాంకుశం గారు తన నిర్ధారణ చెప్పి రాయించారు. లోపం తీవ్రత సమీపాన ఉన్న అధికారి హోదాను బట్టి పెరుగుచున్నది. కావున సీటునందు ఎవరి కోసమూ లేవవలసిన అవసరం లేని వ్యక్తిని గాని, శక్తిని గాని నియమించుటే పరిష్కారం.

దీనిమీద కమిటీ కూర్చుంది. అంటే, పరాంకుశం గారు కూర్చున్నారు, మిగతావాళ్లు నిలబడ్డారు. రిటైరైన ఉద్యోగిని ఎవరినైనా కూర్చోబెడదామని లోకనాథం గారు అన్నారు. కానీ రిటైరైనా లేచే అలవాటు పోదని, పోయినవారం సంతలో ఒక పాత హెడ్ క్లర్కు తనను చూసి కూరగాయల సంచీ వదిలేసి నిలబడ్డాడని చిదంబరరావు గారు చెప్పారు. ఎండీ గారి ఫోటో పెడితే ఎలా ఉంటుందన్నారు ఎవరో. గౌరవం సరిపోయింది గాని బరువు సరిపోలేదు. పైగా ఆ ఫోటో ముందు మిగతావాళ్లంతా పొద్దస్తమానం నిలబడాలి. చివరికి బరువు కలిగినది, హోదా లేనిది, లేవజాలనిది అయిన పదార్థము కావలెనని తీర్మానించారు.

"పత్తిగింజల బస్తా ఉంది, తెమ్మంటారా?" అన్నాడు సైదులు ఎగతాళిగా.

కమిటీ వారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తెమ్మన్నారు.

బస్తాను సీటులో పడేశారు. మస్తాన్‌బీ పక్కనున్న మెట్టు మీద నిలబడి, బస్తా ఒళ్లోంచి చెయ్యి చాచి లివరు తోసింది. రేకులు తెరుచుకున్నాయి. పరాంకుశం గారు ముందుకొచ్చారు, వెనక్కి వెళ్లారు, తన హోదాను నాలుగు వైపుల నుంచీ చూపించారు. బస్తా లేవలేదు. బండి ఆగలేదు. మెట్టు మీద నిలబడి నడపరాదని బండి పక్కన బొమ్మ వేసి ఉంది. దాని మీద ఆకుపచ్చ రంగు పూయించి ఆ సమస్యను కూడా అక్కడికక్కడే పరిష్కరించారు.

అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా లేకపోను. కానీ సీటులో ఉన్నవారు హెల్మెట్ ధరించాలని గోడ మీద రాసి ఉంది. బస్తాకు హెల్మెట్ పెట్టారు. మెరిసే పట్టీల జాకెట్టు తొడిగారు. బెల్టు కట్టారు. ఇన్ని చేశాక గేటు దగ్గర సెక్యూరిటీవాడు ఐడీ కార్డు లేని శాల్తీని లోపలికి వదలనన్నాడు. కార్డుకు ఫోటో తియ్యడానికి వచ్చిన కుర్రాడు అలవాటు కొద్దీ "కొంచెం తల పైకి" అన్నాడు. సైదులు బస్తా మూతిని పైకి గుంజి పట్టుకున్నాడు. పేరు దగ్గర 'బస్తా' అని, తండ్రి పేరు దగ్గర జిన్నింగు మిల్లు పేరు వేశారు.

ఊళ్లో కూడా మర్యాద పెరిగింది. "మీ కొత్త డ్రైవరు బొత్తిగా మాట్లాడడంటగా అబ్బాయ్, మంచివాడేనా?" అని వరదమ్మత్త అడిగింది. మంచివాడే అన్నాను.

ఇక అసలు చిక్కు. ఆ బండి ఒక్క మనిషి నడిపేది. పోస్టు కూడా ఒక్కటే మంజూరైంది. కంపెనీ పుస్తకంలో ఆపరేటరు అంటే ఎవరో స్పష్టంగా ఉంది: సీటులో ఉన్నవారు. సీటులో ఉన్నది బస్తా. మరి మెట్టు మీద వేలాడుతున్న మస్తాన్‌బీ ఎవరు? పరాంకుశం గారు రెండు వైపులా నిష్పక్షపాతంగా తూచారు. మస్తాన్‌బీ సీటులో ఉన్న కాలంలో అధికారులు వచ్చిన ప్రతిసారీ బండి మొరాయించింది. బస్తా వచ్చాక ఒక్కసారి కూడా మొరాయించలేదు. బస్తా సెలవు అడగలేదు. ఎదురు చెప్పలేదు. ప్రవర్తన సంతృప్తికరం. కావున ఆపరేటరు పోస్టులో బస్తాను ఖాయపరచాలని, మస్తాన్‌బీ సేవలను నెలాఖరుతో సగౌరవంగా ముగించాలని సిఫారసు వెళ్లింది. వార్షికోత్సవం నాడు ఎండీ గారి చేతుల మీదుగానే రెండు కార్యక్రమాలూ.

ఈ సంగతి తెలిసిన రోజున మస్తాన్‌బీ నా కాటా గదిలోకి వచ్చింది. కుర్చీలో పిల్లిని చూసి గుమ్మంలోనే నిలబడింది.

"చూశావా అన్నా, లెగవకపోతే మెమో ఇస్తారని లెగిశాను. లెగిశానని ఉద్యోగం తీసేస్తున్నారు. ఇంతకీ నేను చేసిన తప్పు లెగవడమా, కూచోడమా?"

"రెండూ కాదమ్మా. నీకు హోదా ఉండటం."

"టెంపరరీకి హోదా ఏందన్నా?"

"అదే చిక్కు. ఉందో లేదో తెలియనంత ఉంది."

"ఆ బస్తా కూడా నాలాగే మిల్లునించి వచ్చిందే. అదిక్కడ ఉండిపోద్ది, నేను పోయి మళ్లీ దగ్గాల" అని నవ్వబోయింది. నవ్వులోంచి పాత దగ్గు తెర ఒకటి వచ్చింది. పిల్లి ఉలిక్కిపడి చూసింది. "నేర్పనా అన్నా దానికి? కనీసం రివర్సు పెట్టేటప్పుడు వెనక్కి చూసుకోమని చెప్పి పోతాను."

వార్షికోత్సవం ముందురోజు రిహార్సలు. షామియానా వేశారు, మైకు పెట్టారు. అంతా బాగుందనుకుంటుండగా చిదంబరరావు గారికి చెమటలు పట్టాయి.

"సార్, రేపు ఎండీ గారు బండి ముందుకు వస్తారు. అందరం లేచి ఉంటాం. బస్తా మాత్రం కూర్చునే ఉంటుంది."

"అది వస్తువు గదయ్యా" అన్నారు పరాంకుశం గారు.

"ఐడీ కార్డు ఉంది సార్. రేపు పర్మినెంటు కూడా అవుతోంది. సర్క్యులరులో ప్రతి ఉద్యోగియు అని ఉంది."

పరాంకుశం గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "లేవాలి" అన్నారు.

"లేవజాలనిదనే గదా సార్ తీసుకున్నాం" అని లోకనాథం గారు నసిగారు.

"లేవజాలదు. లేపవచ్చు."

సైదులును, ఇంకో హమాలీని ఆ పనికి పెట్టారు. ఎండీ గారు ఫోటోగ్రాఫరు వైపు చూస్తున్నంతసేపూ బస్తా కూర్చుని ఉండాలి, బండి పని చెయ్యాలి. ఎండీ గారి చూపు బండి మీద పడ్డ తక్షణం ఇద్దరూ బస్తాను చెరో పక్కా పట్టి నిలబెట్టాలి. ఆయన ఆవరణ విడిచి వెళ్లేదాకా దించకూడదు. సాయంత్రం దాకా సాధన చేయించారు. "లెగు నాయనా, దొరొచ్చాడు" అంటూ సైదులు బస్తాను లేపుతుంటే మిగతా హమాలీలు పొట్టలు పట్టుకున్నారు. మస్తాన్‌బీ ఒక్కతే నవ్వకుండా, బస్తా హెల్మెట్ జారితే సర్దింది.

మర్నాడు ఎండీ గారు వచ్చారు. మేమంతా లేచే ఉన్నాం గనుక కొత్తగా లేచేది లేకపోయింది. పూలదండ వేశారు. పట్టు శాలువా కప్పారు. శాలువా ఫోటోల్లో జారిపోతోందని లోకనాథం గారు ముందే జాగ్రత్తపడి, మెడ వెనక కోటుకు కలిపి నాలుగు పిన్నీసులు గుచ్చారు. తర్వాత ఎండీ గారు స్వయంగా బేలు పట్టిస్తున్నట్టు ఫోటో. ఆయన బేలు మీద చెయ్యి వేసి, కెమెరా వైపు నవ్వుతూ నిలబడ్డారు. అవతల బస్తా కూర్చుంది. మెట్టు మీద మస్తాన్‌బీ.

"ఇంకొంచెం దగ్గరికి సార్. ఇంకొంచెం. ఆఁ, ఇప్పుడు పట్టించండి!" అన్నాడు ఫోటోగ్రాఫరు.

మస్తాన్‌బీ లివరు నొక్కింది. రేకులు వచ్చి బేలును కరుచుకున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఎండీ గారు సంతోషంగా బండి వైపు తిరిగారు. ఆ తక్షణం సైదులు, రెండో హమాలీ బస్తాను నిలువునా లేపారు. ఎండీ గారి కన్నా ఎత్తున నిలబడటం బాగుండదన్నారు గనుక మస్తాన్‌బీ మెట్టు దిగి నేల మీద నిలబడింది. అంతా రిహార్సలులో చేసినట్టే జరిగింది.

ఎండీ గారు బస్తాను చూసి ముచ్చటపడి, నమస్కారం అందుకుని, షామియానా వైపు అడుగు వెయ్యబోయి వెనక్కి వచ్చారు. శాలువా కొస బేలుకూ రేకుకూ మధ్య ఇరుక్కుని ఉంది.

"వదలమనండి" అన్నారు నవ్వుతూనే.

చిదంబరరావు గారు తానే పరిగెత్తి లివరు తోశారు. రేకులు కదల్లేదు.

"ఏమిటిది?"

"బస్తా లేచి నిలబడింది సార్. అది కూర్చుంటే గాని వదలదు" అన్నారు లోకనాథం గారు.

"అయితే కూర్చోబెట్టండి!"

ఎవరూ కదల్లేదు. పరాంకుశం గారు రెండు చేతులూ కట్టుకుని వినయంగా మనవి చేశారు. "సదరు అధికారి ప్రదేశమును విడిచి వెళ్లునంతవరకు తిరిగి కూర్చొనరాదు సార్. తమరి సంతకమే. తమరు ఒక్కసారి అలా గేటు దాటితే, తక్షణం కూర్చోబెడతాం."

"ఎలా దాటనయ్యా, కట్టేసి ఉంటే?"

"అదే ఆలోచిస్తున్నాం సార్."

శాలువా విప్పవచ్చు. కానీ పిన్నీసులు మెడ వెనక ఉన్నాయి. ఎండీ గారి మెడ మీద చెయ్యి వెయ్యడానికి ఎంత హోదా కావాలో ఎవరికీ తెలియదు. ఆయన తనంతట తాను తీసుకోబోతే, పిన్నీసులు లోకనాథం గారు గుచ్చినవి గనుక రాలేదు. పత్రికలవాళ్లు ఇంకొంచెం దగ్గరికి జరిగారు. దండలోని బంతిపూలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. బస్తాను పట్టుకున్న సైదులు, "సార్, చేతులు లాగేత్తన్నయ్యి, ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు.

ఎండీ గారు మొదటిసారిగా చుట్టూ ఉన్న మనుషులను చూశారు. అందరూ నిలబడి ఉన్నారు. ఎంత చూసినా ఆ ఆవరణలో కూర్చోగలిగిన మనిషి ఒక్కరూ లేరు.

"నియమం ఉద్యోగులకే గదా. పర్మినెంటు కానివాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?" అన్నారు.

అందరి వేళ్లూ ఒక్కసారే మస్తాన్‌బీ వైపు తిరిగాయి. ఆమెను సాగనంపడానికి తెచ్చిన చిన్న శాలువా బల్ల మీద మడత విప్పకుండా ఉంది.

"చూడమ్మా, నువ్వు ఎక్కి కూర్చో. నేను చెబుతున్నాను గదా, కూర్చో" అన్నారు ఎండీ గారు. గొంతులో ఇప్పుడు సర్క్యులరు లేదు.

మస్తాన్‌బీ మెట్టు ఎక్కింది. బస్తా తల మీద నుంచి హెల్మెట్ తీసి తను పెట్టుకుంది. సీటు మీద పడ్డ పత్తిగింజలను చేత్తో దులిపింది. కూర్చోబోయి, ఆగి, వెనక్కి తిరిగింది.

"కూచుంటాను సార్. కాకపోతే ఈసారి కూచుంటే, మీరొచ్చినా లెగవను. సరేనా?"